రెండు గీతల నడుమ

1786లో లండనులో ఒక వింత అట్లాసు అచ్చయినది. దాని పేరు ‘కమర్షియల్ అండ్ పొలిటికల్ అట్లాస్’. రచయిత విలియం ప్లేఫేర్. అట్లాసు అనగానే నదులు, కొండలు, ఎల్లలు గల దేశపటాలు మనకు స్ఫురిస్తవి. ఈ పుస్తకంలో అట్టి పటం ఒక్కటి కూడ లేదు. ఇందులోని 44 పటాలలో 43 కాలక్రమాన్ని చూపే గీతల పటాలు. ఇంగ్లండు ఏ దేశంతో ఎంత వర్తకం చేసినదో, ప్రభుత్వపు అప్పు ఏ యేటికి ఎంత పెరిగినదో వానిలో గీతలై సాగుతుంది. ఆ పటాలలో ఒకటి మనకు సంబంధించినది. అది తూర్పు ఇండియాలతో ఇంగ్లండు జరిపిన ఎగుమతి దిగుమతుల పటం. అడుగున 18వ శతాబ్దపు సంవత్సరాలు, ప్రక్కన పౌనుల లెక్క, లోపల రెండు గీతలు. ఇంగ్లండులోనికి వచ్చిన సరుకుల గీత పైన ఉన్నది. ఇంగ్లండు నుండి వెడలిన సరుకుల గీత క్రింద ఉన్నది. రెంటి నడుమనున్న జాగా ఇంగ్లండుకు ప్రతికూలమైన తేడా.

ఆ జాగాను గురించియే ఈ వ్యాసంలో ముచ్చటించదలచినాను. వ్యాపారపు లెక్కలను పటంగా గీయడమనేది నేడు ప్రతి కార్యాలయంలోను నిత్యకృత్యమైనది. సంస్థల వార్షిక నివేదికలు తిరగవేసినచో పుట పుటకు ఒక పటం కనబడుతుంది. అయితే ఈ విద్య పుట్టిన నాడే అందులో మన దేశపు లెక్క చేరినదనియు, తరువాత మనవారే దీనికి ఒక క్రొత్త న్యాయాన్ని కూర్చినారనియు మన సాహిత్యంలో ఎక్కడను తగినంతగా చెప్పినట్లు కానరాదు.

ప్లేఫేర్ 1759లో స్కాట్లండులో పుట్టినాడు. అన్న జాన్ ప్లేఫేర్ పేరుపొందిన గణితజ్ఞుడు. ఉష్ణమాపకంలోని అంకెలను రోజురోజు గీతగా గీసి ఉంచుమని చిన్ననాట తమ్మునికి నేర్పినది ఆ అన్నయే. తరువాత ప్లేఫేర్ బర్మింగ్‌హాములో జేమ్స్ వాట్ వద్ద నకిషీలు గీసే పనివాడుగా చేరినాడు. ఆవిరియంత్రాల భాగాలను కొలతకు తగినట్లు గీసిన చేయి ఆ పిమ్మట దేశాల ఆదాయవ్యయాలను గీసినది. ఆయన జీవితం అంత నిలకడగా సాగినది కాదు. అప్పులు, వివాదాలు ఆయనను వదలలేదు. కాని తన పద్ధతిని సమర్థించుకొన్న తీరు మాత్రం ఎంతో తేటగా ఉన్నది. ఒక వర్తకుడు ప్రతి సాయంకాలం ఆనాటి రాబడి గినీలను ఒకదానిపై ఒకటి దొంతిగా పేర్చి, ప్రక్క ప్రక్కన నిలిపినాడనుకొందము. ఒక్కొక్క దొంతి ఒక్కొక్క దినం. దొంతి ఎత్తే రాబడి. ఆ దొంతుల కొసలను కలిపిన గీతయే తన పటమని ఆయన వివరణ. ఇంతకంటె సూటిగా చెప్పినవారు ఆ తరువాత కూడ అరుదు.

మన దేశంలో లెక్కలకు కొదువ లేదు. తెలుగునాట కరణాల దండకవిలెలు, కోమట్ల చిట్టా ఆవర్జాలు, ఉత్తరాన సాహుకార్ల ఎర్ర అట్టల బహీలు ఎన్నో తరాల లావాదేవీలను మోసినవి. సాంద్రతలో వానికి సాటి వచ్చేవి తక్కువ. కాని అవి వరుస వెంబడి చదువవలసినవి. ఫలానా వానికి ఎంత ఇచ్చినాము, ఎప్పుడు ఇచ్చినాము అన్న ప్రశ్నకు ఆవర్జా క్షణంలో జవాబు చెబుతుంది. పది సంవత్సరాలలో మన వ్యాపారం ఏ వైపు నడుస్తున్నది అని అడిగితే మూగపోతుంది. గీత అందుకు విపర్యయం. అది ఖచ్చితమైన అంకెను మరుగుపరచి నడకను బయటపెడుతుంది. అందుచేత పట్టికకు పటం ప్రత్యామ్నాయం కాదు. దేని పని దానిది.

ఇక్కడ అనువాదకుని చిక్కు ఒకటి మనవి చేయాలి. తెలుగులో పటం అంటే గోడకు తగిలించిన దేవుని బొమ్మయు కావచ్చును, దేశపటమూ కావచ్చును. హిందీవారు ‘ఆరేఖ్’, ‘లేఖాచిత్ర్’ అని వేరు మాటలు కల్పించుకొన్నారు. మన పాఠ్యపుస్తకాలలో ‘రేఖాచిత్రం’ ఉన్నది కాని, చిత్రకారుల గీతబొమ్మకు కూడ అదే పేరు. ‘గ్రాఫు’ అంటే బడిపిల్లలకు కూడ తెలుస్తుంది. ఈ వ్యాసంలో సందర్భాన్నిబట్టి పటమనియు, గ్రాఫు అనియు వాడినాను. గ్రాంథికమైన మాటకంటె తెలిసిన మాట మేలు.

ప్లేఫేర్ పటాలలో మెచ్చదగినది వాని పొదుపు. గీత ఏమిటో గీత మీదనే వ్రాసి ఉంటుంది. ఏ రంగు దేనికి గుర్తు అని పుట మూలకు చూపు మరలించి వెదకుకొనే అవసరం లేదు. కొలతలను చూపే అడ్డగీతలు పలుచగా వెనుకకు ఒదిగి, లెక్కను చెప్పే గీతలు ముందుకు వస్తవి. కన్ను మొదట రెండు గీతలను చూస్తుంది, తరువాత వాని మధ్య జాగాను, ఆ తరువాత సంవత్సరాన్ని. ఒక్క చిన్న పుటలో ఎనభై ఏండ్ల వర్తకం ఇమిడినది. స్కాట్లండు విషయంలో మాత్రం ఆయనకు ఒక్క సంవత్సరపు లెక్కలే దొరికినవి. అప్పుడు వేరు దారి లేక, 17 ప్రదేశాలతో ఆ దేశం జరిపిన వర్తకాన్ని కమ్మీలవలె ప్రక్కప్రక్కన గీసినాడు. ప్రపంచంలోని కార్యాలయాలన్నిటిలో నేడు అందరు వాడే కమ్మీల పటానికి మూలపురుషుడు అదే. కాలం నడక లేనందున దానిని ఆయన తక్కువగానే ఎంచినాడు.

ఇక తూర్పు ఇండియాల పటానికి తిరిగివత్తము. పై గీతకు, క్రింది గీతకు నడుమ జాగా శతాబ్దం పొడుగునా ఉన్నది. చూచేవారికి అది ఒక్క తీరు జాగాయే. కాని చరిత్రలో అది ఒక్కటి కాదు. 1757 ముందు కంపెనీవారు మన నూలుబట్టలు, పట్టు, మిరియాలు కొనుటకు ఐరోపా నుండి వెండి తెచ్చి పోసేవారు. ఇంగ్లండు సరుకులపై ఇచ్చటివారికి మోజు లేదు కనుక తేడా వెండితో చెల్లింపబడేది. ప్లాసీ తరువాత, ముఖ్యంగా 1765లో బెంగాలు, బీహారు, ఒరిస్సాల దివానీ చేజిక్కిన తరువాత, ఆ వెండి తేవలసిన అవసరం తగ్గిపోయినది. రైతు కట్టిన శిస్తులోనుండియే సరుకు కొని ఓడకెక్కించినారు. దానికి వారు పెట్టిన ముద్దుపేరు ‘ఇన్వెస్ట్‌మెంట్’. అనగా, మన సొమ్ముతో మన బట్టను కొని తీసికొనిపోయినారు. 1770లో బెంగాలును కరవు కబళించినది. ఆ సంవత్సరం కూడ ప్లేఫేర్ పటంలో మిగిలిన సంవత్సరాలవలెనే ఒక అంగుళంలో కొంత భాగం.

ఇది ప్లేఫేర్‌ను నిందించుటకు చెప్పిన మాట కాదు. సుంకం లెక్కలలో ఉన్నదానిని ఆయన గీసినాడు. ఆ సరుకుకు వెల ఎవరు చెల్లించినారో సరుకుల గీతలు చెప్పజాలవు. నిర్మలంగా, చదువుటకు సులభంగా, అంకెలలో తప్పు లేకుండా ఉన్న పటం కూడ అసలు సంగతిని దాటిపోవచ్చును. నా దృష్టిలో ఆ పుస్తకం మనకు నేర్పే పాఠాలలో పెద్దది ఇదే. రంగు పూసిన జాగాకు ‘తేడా’ అని పేరు పెట్టినది లండనులో కూర్చున్న మనిషి. హుగ్లీ తీరాన కూర్చున్న మనిషి దానికి వేరొక పేరు పెట్టును.

ఆ వేరొక పేరు పెట్టుటకు నూరేండ్లు పట్టినది. దాదాభాయి నౌరోజీ బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ సంస్థలో గణితాచార్యులుగా పనిచేసినవారు. 1855లో లండను చేరి కామా కంపెనీ వర్తకంలో పాలుపంచుకొన్నవారు. లెక్కల శాస్త్రము, లెక్కల పుస్తకము రెండును ఎరిగిన మనిషి. 1876లో ‘పావర్టీ ఆఫ్ ఇండియా’ అనే పత్రం చదివినప్పుడు ఆయన చేసినది ఎగుమతుల వరుసను, దిగుమతుల వరుసను ఎదురెదురుగా నిలపడమే. సహజమైన వర్తకంలో ఒక దేశం పంపిన సరుకు విలువయు, దానిపై లాభమును కలిసి దిగుమతులుగా తిరిగి రావలెను. ఇండియాకు అట్లు రావడం లేదు. వచ్చినదానికి, రావలసినదానికి నడుమ ఉన్న జాగాయే ఆయన చెప్పిన ‘డ్రెయిన్’. హిందీలో దీనిని ‘ధన్ నిష్కాసన్’ అంటారు. తెలుగులో ‘సంపద తరలింపు’ అని స్థిరపడినది; హిందీ మాటలో ఉన్న తోసివేతకంటె మన మాటలో ఉన్న బండ్లకెత్తిన చప్పుడే విషయానికి దగ్గర అని నా అభిప్రాయం.

నౌరోజీ పటాలతో కాక పట్టికలతోనే వాదించినారు. ఆయనకు నమ్మకం కుదర్చవలసినవారు పార్లమెంటు సభ్యులు, ఇండియా ఆఫీసు అధికారులు. ప్రతి అంకెను శంకించేవారు. తలసరి ఆదాయం సంవత్సరానికి 20 రూపాయలని లెక్కకట్టి, దాని ప్రక్కనే కారాగారాలలో ఖైదీల తిండికి, బట్టకు ప్రభుత్వం పెట్టే ఖర్చును నిలిపినారు. ఖైదీకయ్యే ఖర్చు స్వేచ్ఛగా ఉన్న మనిషి ఆదాయాన్ని మించినది. అంకెలు ప్రభుత్వపువే, వానిని ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టినది మాత్రం ఆయన. ఇది పటం కాకపోయినను పటానికి ప్రాణమైన పని ఇదే: దేని ప్రక్కన దేనిని నిలపాలో ఎరుగుట.

ప్లేఫేర్ మరల 1801లో మన జోలికి వచ్చినాడు. ‘స్టాటిస్టికల్ బ్రీవియరీ’ అను గ్రంథంలో ఐరోపా రాజ్యాలను వృత్తాలుగా గీసి, హిందూస్థానపు పాలకశక్తులను కూడ అదే రీతిని చూపుతున్నానని గ్రంథనామంలోనే చాటినాడు. ముక్కలుగా కోసిన రొట్టెవలె ఉండే వృత్తపటం మొదట కనబడినది ఇందులోనే. తురుష్క సామ్రాజ్యాన్ని ఆసియా, ఐరోపా, ఆఫ్రికా భాగాలుగా విభజించి చూపినాడు. వృత్తపు వైశాల్యం రాజ్యపు వైశాల్యం. ఎడమవైపు నిలువుగీత జనసంఖ్య, కుడివైపుది రాబడి. ఆ రెండు గీతల కొసలను కలుపుతూ ఒక చుక్కల గీత. ఆ గీత వాలును చూచి ప్రజలపై పన్నుల భారం ఎంతో గ్రహించవలెనట. ఇక్కడ ఆయన పొరబడినాడు. వాలు రాబడి, జనసంఖ్యలపైననే కాక వృత్తపు వెడల్పుపై కూడ ఆధారపడును. రాజ్యం పెద్దదైతే అదే పన్ను మెత్తగా కనబడును. ఒకే బొమ్మలో అన్నియు ఇమిడ్చవలెనన్న ఆరాటం ఇట్టి చిక్కు తెస్తుంది. పైగా అవి ఎట్టి సంవత్సరాలు? 1799లో శ్రీరంగపట్టణం కూలినది. 1800లో నిజాం మన దత్తమండలాలను కంపెనీకి వదలుకొన్నాడు. రాజ్యాల కొలతలు ఏటికేడు మారుతున్న కాలంలో రాగిరేకుపై వృత్తాలు చెక్కడం సాహసమే.

వైశాల్యంతో కన్ను ఎట్లు మోసపోతుందో ఫ్లారెన్స్ నైటింగేల్‌కు కూడ అనుభవానికి వచ్చినది. క్రిమియా యుద్ధంలో గాయాలకంటె రోగాలకు ఎక్కువమంది సైనికులు చనిపోయినారని చూపుటకు ఆమె 1858లో నెలకొక రెక్క గల చక్రపటాలు అచ్చు వేయించినది. తొలిరూపంలో కేంద్రం నుండి దూరం మరణాల నిష్పత్తికి తగినట్లు ఉన్నది. దూరం రెట్టింపైనప్పుడు రెక్క నాలుగింతలుగా కనబడును. దానిని దిద్ది, వైశాల్యమే నిష్పత్తికి సరిపోయేటట్లు మార్చినది. తన వాదానికి బలమిచ్చే అతిశయోక్తిని తానే తొలగించుకొన్న ఆ పని నాకు పటాలకంటె గొప్పదిగా తోచును. ఇండియాలోని సైన్యపు ఆరోగ్యంపై ఏర్పడిన రాయల్ కమిషన్ 1863లో సుమారు రెండువేల పుటల నివేదిక ఇచ్చినప్పుడు, దానిని ఎవరును చదువరని ఎరిగి, బొమ్మలతో కూడిన చిన్న పుస్తకంగా తన పరిశీలనలను ఆమె వేరుగా వెలువరించినది. వేయిమంది ఆంగ్ల సైనికులకు ఏటా 69 మరణాలు అను ఒక్క అంకె ఆ వేల పుటలలోనుండి పైకి తేలి ప్రభుత్వాన్ని కదిలించినది.

సమాచారం దట్టంగా ఉండియు చిక్కు లేని పటం చూడవలెనంటే రైళ్లవారిని అడుగవలెను. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఇబ్రీ అను ఇంజినీరు రూపొందించిన పారిస్–లియాన్ రైళ్ల గ్రాఫును మారే 1885 నాటి తన గ్రంథంలో అచ్చు వేసినాడు. అడ్డంగా గంటలు, నిలువునా స్టేషన్లు. ఒక్కొక్క రైలు ఒక్కొక్క ఏటవాలు గీత. గీత నిట్రంగా ఉంటే వేగమైన బండి, వాలుగా ఉంటే నెమ్మది బండి. అడ్డంగా సాగిన చిన్న ముక్క స్టేషనులో ఆగిన కాలం. ఎదురెదురు రైళ్ల గీతలు ఒకదానినొకటి దాటిన చోటు అవి కలిసే స్థలము, వేళ.

మన దేశపు రైల్వేలలో ఈ పటం అలంకారం కాదు, పనిముట్టు. విజయవాడ, గుంతకల్లు వంటి డివిజను కేంద్రాల కంట్రోలు ఆఫీసులలో సెక్షన్ కంట్రోలరు బల్ల మీద పరచిన చార్టు ముందు కూర్చుండి, ఫోనులో స్టేషను మాస్టర్లు చెప్పే వేళలనుబట్టి రంగు పెన్సిళ్లతో రైళ్ల గీతలు గీయడం తరతరాల ఆచారం. ఇటీవలి దశాబ్దాలలో ఆ చార్టు కంప్యూటరు తెరమీదికి మారినది. గీతలు మాత్రం అవే. ఒంటిదారి లైనులో రెండు గీతలు స్టేషనులో తప్ప మరెక్కడను దాటరాదు. రెండు స్టేషన్ల నడుమ దాటినవంటే దాని అర్థం ఊహించుటకే భయం. చదువరికి ఏమాత్రం జాలి చూపని దట్టమైన పటమిది. వందల అంకెలు, పదుల గీతలు. అయినను తన కాపలా వేళలో ఆ మనిషి దానిని అరక్షణం చూపుతో చదువును. సమాచారం ఎక్కువైనందున పటం గజిబిజి అగునన్న మాట నిజం కాదు. ప్రతి గుర్తుకు ఒకే అర్థం ఉండి, ఆ అర్థం చోటునుబట్టియే తెలియునప్పుడు ఎంత దట్టమైనను కంటికి ఎక్కును.

ఈ చార్టు ప్రక్కన నేటి సంస్థల నివేదికలలోని పటాలను పెట్టి చూచినచో నిరాశ కలుగును. నాలుగు అంకెల కోసం అరపుట నిండిన, మందంగా నీడలు తేలిన వృత్తం. సున్న నుండి కాక తొంబది నుండి మొదలై స్వల్పమైన పెరుగుదలను కొండగా చూపే కమ్మీలు. ఎడమకొక కొలత, కుడికొక కొలత పెట్టి, సంబంధం లేని రెండు గీతలను జంటగా నడిపించడం. అమెరికాలో ఎడ్వర్డ్ టఫ్టె 1983లో తన గ్రంథంలో పటంపై ఖర్చైన సిరాలో ఎంత భాగం లెక్కను చెబుతున్నదని అడిగినాడు. ఆ గ్రంథపు అట్టమీద వేసుకొన్నది పై పారిస్–లియాన్ రైళ్ల గ్రాఫునే.

కాని సిరా పొదుపుతో తీరని ప్రశ్న ఒకటి మిగిలినది. గీత నిజమని ఎట్లు నమ్మడం? వర్తకుని దొంతిలో గినీలు లెక్కకు వచ్చినవే. కాని కోట్ల కుటుంబాలలో కొన్ని వేల కుటుంబాలను మాత్రమే అడిగి దేశమంతటికి గీసిన గీతలో ఎంత నిజం, ఎంత ఊహ? ఈ ప్రశ్నకు పటంలోనే జవాబు చూపిన ఘనత కలకత్తాకు దక్కినది.

ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించినారు. 1933లో వెలువరించిన పత్రికకు ‘సాంఖ్య’ అని పేరు పెట్టినారు. అంకె అనియు, వివేచించి ఎరిగిన జ్ఞానమనియు సంస్కృతంలో ఆ మాటకు ఉన్న రెండర్థాలు ఆయనకు ఇష్టం. 1937 మొదలు బెంగాలు జనపనార సాగును నమూనా పద్ధతిని కొలుచునప్పుడు ఆయన ఒక ఉపాయం చేసినారు. ఒకే ప్రాంతంలో పొలాలను రెండు నమూనాలుగా ఎంచి, ఒకరి ఫలితం ఒకరికి తెలియకుండ రెండు వేరు బృందాలను పంపినారు. రెండు జవాబులు దగ్గరగా ఉంటే నమ్మవచ్చును. దూరమైతే తప్పు ఎక్కడనో ఉన్నది. కూలివాడు తప్పు వ్రాసినాడని అధికారి, అధికారి చూడలేదని కూలివాడు నెపాలు వేసికొనే దేశంలో ఈ పద్ధతి ఎవరినీ నిందించకుండనే తప్పును పట్టుకొనును.

1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి. ఆర్. రావు 1941లో ఆ సంస్థలో చేరి, నాలుగు దశాబ్దాలు అక్కడనే గడిపినారు. 2023లో కాలధర్మం చెందేనాటికి ఆయన పేరు ఎరుగని సాంఖ్యకశాస్త్ర విద్యార్థి లేడు. అంచనాకు ఎంత తప్పు తప్పనిసరియో గణితంలో హద్దు చూపినది ఆయన. అదే తప్పును కంటికి కనబడేటట్లు గీసినది మహలనోబిస్.

1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమైనది. దాని లెక్కలతో మహలనోబిస్ 1960లో ‘ఎకనామెట్రికా’ పత్రికలో ఒక క్రొత్త గ్రాఫు పద్ధతిని ప్రకటించినారు. కుటుంబాలను తలసరి ఖర్చునుబట్టి బీదవారి నుండి కలవారి వరకు వరుసగా నిలిపి, సమానమైన గుంపులుగా విభజించవలెను. గుంపు గుంపుకు ధాన్యంపై పెట్టిన ఖర్చు పాలు ఎంతో చుక్క పెట్టి గీత కలపవలెను. ఇంతవరకు మామూలే. అయితే ఆయన ఒక గీత గీయలేదు. రెండు సగం నమూనాలకు రెండు గీతలు, రెండును కలిసినదానికి మూడవ గీత గీసినారు. మొదటి రెంటి నడుమ జాగాను ‘తప్పు వైశాల్యం’ అన్నారు. మరియొక సంవత్సరపు సర్వేకు ఇట్లే గీసి, రెండు సంవత్సరాల గీతల నడుమ జాగాను దానితో పోల్చినారు. సంవత్సరాల నడుమ జాగా తప్పు వైశాల్యాన్ని మించకపోతే, దేశం మారినదని చెప్పుటకు వీలు లేదు.

అదే 1960లో ఆదాయపు పంపకం, జీవన ప్రమాణాలను పరిశీలించుటకు ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించినది. అధ్యక్షులు మహలనోబిస్. పదేండ్ల ప్రణాళికలలో పెరిగిన ఆదాయం ఎవరి ఇంటికి చేరినదన్నది దాని ముందున్న ప్రశ్న. నివేదిక మొదటి భాగం 1964లో వెలువడినది.